త్రాచుపాములు: దేశదేశముల జాతులు

తెలుగునాట త్రాచుపామును ఎరుగని గ్రామము లేదు. నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కుదుము; కోతల కాలమున పొలములో అదే పాము కనబడినచో కఱ్ఱ అందుకొందుము. భక్తియు భయమును ఇంతగా ఉన్నను, ఆ ప్రాణిని గూర్చి మనకు తెలిసినది కొద్దియే. 2000 మొదలు 2019 వరకు గల 20 సంవత్సరములలో మన దేశమున పాముకాట్లవలన సుమారు 12 లక్షలమంది మరణించి యుందురని 2020లో పరిశోధకులు అంచనా కట్టిరి. వీరిలో అత్యధికులు పల్లెవాసులే. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొనవలసి యున్నది.

త్రాచు అనగా ఒకే పాము కాదు. మెడ ప్రక్కటెముకలను విప్పి, చర్మమును వెడల్పుచేసి పడగ పట్టు పాములు పెక్కు కలవు. వీనిలో ముఖ్యమైన వర్గమునకు శాస్త్రజ్ఞులు ‘నాజా’ అని పేరిడిరి. ఇది మన ‘నాగ’ శబ్దమునుండి పుట్టినదే. ఈ వర్గమున 30కి పైగా జాతులు ఆసియా, ఆఫ్రికా ఖండములలో నివసించుచున్నవి.

భారతదేశమున ఈ వర్గపు జాతులు నాలుగు. మన పొలములలో కనిపించునది పడగ వెనుక కళ్ళజోడువంటి గుర్తుగల నాగుపాము. ఆ గుర్తునే మన పెద్దలు కృష్ణపాదములందురు. కొన్ని పాములకు ఈ గుర్తు స్పష్టముగా ఉండదు. అంతమాత్రమున అది త్రాచు కాదని భ్రమపడరాదు. బెంగాలు, అస్సాము ప్రాంతములలో పడగపై ఒకే వలయముగల జాతి ఉన్నది. వాయవ్య హిమాలయ ప్రాంతమున ఒక జాతియు, అండమాను దీవులలో మరియొక జాతియు కలవు.

ఆఫ్రికాలో వీని వైవిధ్యము మరింత ఎక్కువ. ప్రాచీన ఈజిప్టు రాజులు తమ కిరీటముపై పడగ విప్పిన త్రాచు ప్రతిమను ధరించెడివారు. టాంగన్యీకా సరస్సులో చేపలను తిని జీవించు నీటిత్రాచులు కలవు. ఆఫ్రికాలోను, ఆగ్నేయాసియాలోను గల కొన్ని జాతులు విషమును శత్రువు కన్నులలోనికి చిమ్మును. వాని కోరల రంధ్రములు ముందువైపునకు తెరచియుండుటయే ఇందులకు కారణము. ఆ విషము కంటబడినచో వెంటనే నీటితో బాగుగా కడుగవలెను. లేనిచో చూపు పోవచ్చును.

తూర్పు కనుమల అడవులలో కనబడు గిరినాగు పడగ పట్టినను, ‘నాజా’ వర్గమునకు చెందదు. లోకములోని విషసర్పములలో ఇదియే అతి పొడవైనది. 5 మీటర్లకు మించి పెరుగగలదు. దీని ముఖ్యాహారము ఇతర సర్పములు. ఆడపాము ఆకులను ప్రోగుచేసి గూడు కట్టి గ్రుడ్లను కాపాడును. ఇంతకాలము ఒకే జాతిగా ఎంచబడిన గిరినాగులు నిజమునకు నాలుగు జాతులని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఈ భేదములు తెలిసికొనుట కేవలము వినోదమునకు కాదు. 1895 ప్రాంతమున ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ త్రాచువిషమునకు విరుగుడు మందును తయారుచేసెను. అది అన్ని పాములకును పనిచేయునని తొలుత తలచిరి. ఒక జాతి విషమునకు చేసిన మందు మరియొక జాతికి పనిచేయకపోవచ్చునని తరువాత బ్రెజిలు దేశపు వైద్యుడు వితాల్ బ్రాజిల్ నిరూపించెను. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషములకు విరుగుడు. గుఱ్ఱములకు ఆ విషములను స్వల్పమోతాదులలో ఎక్కించి, వాని రక్తమునుండి దీనిని తయారుచేయుదురు. గిరినాగు విషము ఇందులో చేరలేదు. కాని మన పొలములలో కరచు త్రాచునకు మందు కలదు. కావలసినది రోగి సకాలమున దానిని చేరుటయే.

త్రాచువిషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞలను అడ్డగించును. మొదట కనురెప్పలు వాలును. మాట ముద్దగా వచ్చును. తుదకు ఊపిరి ఆడదు. కాటుపడిన చోట వాపు, కుళ్ళు కలుగవచ్చును. పసరు, మంత్రము ఈ విషమును ఆపలేవు. త్రాచు కరచిన ప్రతిసారియు విషము ఎక్కించదు. అట్టి కాటులో రోగి బ్రతికినచో ఆ ఖ్యాతి మంత్రగానికి దక్కుచున్నది. విషమెక్కిన మరియొకడు ఆ నమ్మకముతో కాలయాపన చేసి మరణించుచున్నాడు.

కాటుపడినవానికి ధైర్యము చెప్పి, నడువనీయక పరుండబెట్టవలెను. ఉంగరములు, గాజులు తీసివేసి, ఆ అవయవమును విరిగిన ఎముకకువలె బద్దకట్టి కదలకుండ ఉంచవలెను. త్రాడు బిగించి కట్టరాదు, గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు. పామును వెదకుచు కాలము వ్యర్థము చేయరాదు. వెంటనే 108 వాహనమును పిలువవలెను.

పంచాయతీ చేయదగిన పనులును కలవు. విషవిరుగుడు మందు ఏ ఆసుపత్రిలో నిలువయున్నదో వర్షాకాలమునకు ముందే విచారించి, ఆ వివరమును, వాహనపు నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. వీథిదీపములు వెలుగునట్లును, ఇండ్ల చెంత చెత్తకుప్పలు, ఎలుకబొరియలు లేకుండునట్లును చూడవలెను. రాత్రివేళ దీపము, చెప్పులు లేనిదే పొలమునకు పోరాదనియు, నేలపై పరుండువారు దోమతెరను పరుపు క్రిందికి మడచుకొనవలెననియు గ్రామసభలో చెప్పవలెను. త్రాచు ఎలుకలను తిని పంటకు మేలు చేయును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. ఇంటిలో పాము కనబడినచో చంపక, అటవీశాఖవారికి కబురు చేయవలెను.