అన్ని రిపోర్టులూ నార్మలే అన్నప్పుడు

రఘునాథపల్లిలో ఒక జంట ఉందనుకుందాం. ఆమెకు 29 ఏళ్లు, అతనికి 33. పెళ్లయి నాలుగేళ్లు. వరంగల్ నుంచి తిరిగొస్తున్న బస్సులో ఆమె ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. జనగామలో తీయించిన స్కానింగు, హన్మకొండలో చేయించిన ట్యూబుల పరీక్ష ఫిల్ము, థైరాయిడ్ రిపోర్టు, అతని వీర్య పరీక్ష కాగితం అందులోనే ఉన్నాయి. ఎన్నిసార్లు తీసి పెట్టారో, కవరు మూలలు చిరిగిపోయాయి. డాక్టరమ్మ అన్నీ తిరగేసి చెప్పింది ఒక్కటే మాట. "అన్నీ నార్మలే. కారణం ఏం కనిపిస్తలేదు."

ఇంటికెళ్లాక అత్తగారు అడుగుతుంది. "అన్నీ మంచిగుంటే మరి పిల్లలు ఎందుకైతలేరు?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

వైద్యులు దీన్ని కారణం తెలియని సంతానలేమి అంటారు. ఒక ఏడాది పాటు ఏ జాగ్రత్తలూ లేకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్షలు మొదలుపెడతారు. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే మొదలుపెట్టాలి. చూసేవి ప్రధానంగా మూడు. నెలనెలా అండం విడుదలవుతోందా, గర్భాశయానికి రెండు పక్కలా ఉండే ఫెలోపియన్ ట్యూబులు (అండం, వీర్యకణం కలుసుకునే సన్నని గొట్టాలు) తెరిచి ఉన్నాయా, వీర్యకణాలు సరిపడా ఉండి కదులుతున్నాయా. ఈ మూడూ బాగుండి, గర్భాశయం లోపలా తేడా ఏమీ లేకపోతే ఈ పేరు పెడతారు. పరీక్షలకు వచ్చే జంటల్లో నూటికి 15 నుంచి 30 మందికి ఇదే మాట వినిపిస్తుంది. అంటే ఇది అరుదైన సంగతేమీ కాదు.

కారణం తెలియలేదంటే కారణం లేదని కాదు. మన పరీక్షల చూపు అంతవరకే ఆనుతుందని. ట్యూబు తెరిచి ఉందో లేదో ఎక్స్-రే చెబుతుంది. ట్యూబు చివర ఉండే కుచ్చు అండాన్ని అందుకుంటోందో లేదో చెప్పదు. వీర్యకణాల లెక్క కాగితం మీద ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్లు, అందులో నూటికి 42 కదులుతూ ఉంటే సరే అనుకుంటారు. ఆ కణం అండంలోకి దూరగలదా అన్నది ఆ కాగితం మీద ఉండదు. అండం, కణం కలిసి పిండమైనా, అది ఎదగక మొదటి వారంలోనే ఆగిపోవచ్చు. అలాంటప్పుడు నెలసరి మామూలుగా వచ్చేస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

మరో సంగతి ఉంది. కొందరి విషయంలో నిజంగానే లోపం ఏదీ ఉండదు. ఏ ఇబ్బందీ లేని పడుచు జంటకైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నూటికి 20, 25 మాత్రమే. ఇలాంటి వంద జంటల్లో ఏడాది తిరిగేసరికి 85 మందికి నెల తప్పుతుంది. మిగిలిన 15 మందిలో సగం దాకా రెండో ఏడాదిలో ఏ మందూ లేకుండానే తల్లిదండ్రులవుతారు. కాబట్టి రెండేళ్ల లోపు వచ్చిన "కారణం తెలియదు" వేరు, ఐదేళ్ల తర్వాత వచ్చిన "కారణం తెలియదు" వేరు. కాగితం మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

ఇక్కడ చాలామంది అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఈ నాలుగేళ్లలో ఇద్దరూ కలిసి ఉన్న నెలలు ఎన్ని? రఘునాథపల్లి కాజీపేట-సికింద్రాబాద్ రైలు మార్గం మీద ఉంది. హైదరాబాద్‌లో పని చేస్తూ ఆదివారం ఆదివారం ఇంటికొచ్చే మగవాళ్లు ఈ మార్గం పొడుగునా ఉన్నారు. లారీ తోలేవాళ్లు, గల్ఫ్‌కు పోయి రెండేళ్లకోసారి వచ్చేవాళ్లు సరేసరి. విడుదలైన అండం ఒక రోజు మించి బతకదు. వీర్యకణం ఐదు రోజుల దాకా ఉండగలదు. అందుకే నెలలో గర్భం నిలిచే రోజులు ఆరే, అండం విడుదలయ్యే రోజుతో కలిపి. ఆ ఆరు రోజులు వారం మధ్యలో పడితే ఆ నెల పోయినట్టే. అలాంటి నాలుగేళ్లు లెక్కకు ఏడాదిన్నర కూడా కాకపోవచ్చు. డాక్టర్ అడగకపోయినా ఈ మాట మనమే చెప్పాలి. సిగ్గుపడితే నష్టం మనకే.

ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే అదీ చెప్పాలి. మన దేశంలో గర్భాశయానికి, ట్యూబులకు వచ్చే క్షయ ఇంకా ఉంది. దానికి దగ్గు ఉండదు, చాలాసార్లు నొప్పీ ఉండదు.

ఆసుపత్రితో పాటు మొక్కుల మాటా ఉంది. 2024 ఏప్రిల్ 19న హైదరాబాద్ శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడిలో పిల్లలు లేని స్త్రీలకు గరుడ ప్రసాదం పంచుతారన్న మాట ఊరూరా పాకింది. నిర్వాహకులు అనుకున్నదానికి ఎన్నో రెట్ల జనం వచ్చారు. తెల్లారేసరికి ఆ దారి కార్లతో, ఆటోలతో కిలోమీటర్ల పొడుగున నిలిచిపోయింది. దాన్ని ట్రాఫిక్ వార్తగానే చదివాం. నాకు మాత్రం ఆ వరసలో కనిపించింది వేరు. ఫంక్షన్‌లో "ఏమన్నా విశేషమా?" అని ఎవరైనా అడుగుతారని భయపడి సీమంతాలకు పోవడం మానేసిన వేల మంది ఆడవాళ్లు ఆ ఒక్క రోజు నలుగురిలోకి వచ్చి నిలబడ్డారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ అంకె మన దగ్గర ఎలా ఉంటుందో చిలుకూరు దారి చూపించింది. కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకోవడం, ఆసుపత్రికి పోవడం ఒకదానికొకటి అడ్డం కాదు. మొక్కు తీరేదాకా ఆసుపత్రికి పోము అనుకుంటేనే కాలం చేజారుతుంది.

ఇప్పుడు అసలు నిర్ణయం. కారణం తెలిస్తే దానికి మందు వేస్తాం. తెలియనప్పుడు దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి? రెండింటిని బట్టి. ఒకటి ఆమె వయసు, రెండోది ఇప్పటికి ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారన్నది.

నెదర్లాండ్స్‌లో 253 జంటలపై జరిపిన ఒక అధ్యయనం 2006లో అచ్చయింది. ఏ మందూ లేకుండా గర్భం వచ్చే అవకాశం ఇంకా బాగానే ఉన్న జంటలు వాళ్లు. సగం మందికి వెంటనే చికిత్స చేశారు, సగం మందిని ఆరు నెలలు ఆగమన్నారు. చికిత్స తీసుకున్నవారిలో నూటికి 23 మందికి, ఆగినవారిలో నూటికి 27 మందికి గర్భం నిలిచింది. అంటే తొందరపడి లాభపడిందేమీ లేదు. 2018లో న్యూజిలాండ్ నుంచి మరో అధ్యయనం వచ్చింది. ఇవి ఎక్కువకాలం ఎదురుచూసిన, అవకాశం సన్నగిల్లిన జంటలు. మూడుసార్లు చికిత్స తీసుకున్న వందమందిలో 31 మందికి బిడ్డ పుట్టింది. ఆగి చూసిన వందమందిలో తొమ్మిది మందికే పుట్టింది. రెండు అధ్యయనాల్లోనూ చికిత్స దాదాపు ఒకటే. ఫలితం మారింది జంటను బట్టి.

రెండు చోట్లా చేసిన చికిత్స పేరు ఐయూఐ (శుద్ధి చేసిన వీర్యాన్ని సన్నని గొట్టంతో నేరుగా గర్భాశయంలోకి పంపడం). కారణం తెలియని జంటలకు మొదట చేయాల్సింది ఇదేనని, ఐవీఎఫ్ కాదని, యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఇది ఎలా జరుగుతుందంటే, నెలసరి వచ్చిన రెండో మూడో రోజు నుంచి ఐదు రోజులు మాత్రలు ఇస్తారు. ఒకటి రెండు అండాలు బాగా ఎదగడానికి. పదో రోజు దాటాక స్కానింగులో చూస్తారు. అండం ఉన్న నీటి బుడగ 18, 20 మిల్లీమీటర్లకు వస్తే అది పగలడానికి సూది వేస్తారు. ఒకటిన్నర రోజు తర్వాత అతని వీర్యం తీసుకుని, ల్యాబులో కడిగి, బాగా కదిలే కణాలను వేరు చేస్తారు. చివరికి మిగిలేది అర మిల్లీలీటరు కూడా ఉండదు. మెత్తని ప్లాస్టిక్ గొట్టంలో దాన్ని ఎక్కించి లోపలికి పంపుతారు. అయిదు నిమిషాల పని. మత్తు ఉండదు. కాసేపు పడుకుని లేచి ఇంటికి పోవచ్చు. ఎక్కువ అండాలు తయారైన నెలలో కవలల ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ నెల వదిలేస్తారు. ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లోకి పోదు. మూడు నుంచి ఆరు సార్లు చేసి చూడటం మామూలు.

అది ఫలించకపోతే ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టడం). పది రోజుల పైన సూదులు, మత్తులో అండాల సేకరణ, మూడు నుంచి ఐదు రోజులు ల్యాబులో ఎదుగుదల, ఆ తర్వాత రెండు వారాల నిరీక్షణ. కారణం తెలియని జంటకు ఐవీఎఫ్ ఒక రకంగా పరీక్ష కూడా. కణం అండంలోకి దూరుతోందా, పిండం ఎదుగుతోందా అన్నది మొదటిసారి కంటికి కనిపిస్తుంది. కానీ ఇది హామీ కాదు. బ్రిటన్‌లో ఈ కేంద్రాలను నియంత్రించే సంస్థ 2019 లెక్కల ప్రకారం, 35 లోపు స్త్రీలలో గర్భాశయంలో పెట్టిన ప్రతి మూడు పిండాల్లో ఒకటి బిడ్డగా మారింది. సొంత అండాలతో 43 దాటినవారిలో అది నూటికి 5 కంటే తక్కువ. మన దగ్గర ప్రైవేటులో ఒక్క విడతకు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు అవుతుంది. అరెకరం అమ్మాలా, అప్పు చేయాలా అన్న మాట ఇక్కడే వస్తుంది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం 2023లో మొదలైంది. ప్రైవేటు గడప తొక్కేముందు అక్కడ అడిగి రావడం మంచిది.

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన ఒక స్త్రీ ఐవీఎఫ్‌తో కవలలను కన్నారన్న వార్త గుర్తుండే ఉంటుంది. ఆ వార్త చూసి "ఎప్పుడైనా అవుతుందిలే" అనుకున్నవాళ్లు చాలామంది. ఆ వయసులో అండాలు ఇంకొకరివి. అంత వయసులో ఇప్పుడు చట్టమే ఒప్పుకోదు. 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఈ చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల హద్దు పెట్టింది.

అదే చట్టం ప్రకారం ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. తమ కేంద్రంలో ఫలించే అవకాశం ఎంత, ఖర్చెంత, ప్రమాదాలేమిటి అన్నవి మొదలుపెట్టకముందే జంటకు చెప్పడం వాళ్ల బాధ్యత. సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో, దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో పోలీసులు ఒక ఫెర్టిలిటీ సెంటర్‌ మీద పెట్టిన కేసు ఈ విషయాన్ని అందరికీ గుర్తు చేసింది. రాజస్థాన్‌కు చెందిన జంటకు అద్దె గర్భంతో పుట్టిన సొంత బిడ్డ అని చెప్పి మరెవరి బిడ్డనో ఇచ్చారన్నది అభియోగం. డీఎన్‌ఏ పరీక్షతో బయటపడిందని పోలీసులు చెప్పారు. తేల్చాల్సింది కోర్టు. మనం తెలుసుకోవాల్సింది మాత్రం ఇప్పుడే తెలుసుకోవాలి. ఐవీఎఫ్ కోసం పోయినవాళ్లకు దారి మధ్యలో ఇంకేదో చెబితే, ఎందుకని అడిగి, కాగితం మీద రాయించుకుని, ఇంకో డాక్టర్‌కు చూపించాకే ఒప్పుకోవాలి.

అదనంగా అమ్మే చికిత్సలతోనూ జాగ్రత్త. ఐవీఎఫ్‌కు ముందు గర్భాశయం లోపలి పొరను గీరితే గర్భం నిలుస్తుందని చాలాచోట్ల చేశారు. 2019లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో దానివల్ల ఏ లాభమూ కనిపించలేదు. వీర్యం బాగానే ఉన్నప్పుడు ఇక్సీ (ఒక్క కణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం) అవసరం లేదని యూరప్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. బిల్లులో మాత్రం అది తరచూ కనిపిస్తుంది. ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేసే రక్త పరీక్ష) తక్కువగా ఉందని చెప్పి భయపెట్టి ఐవీఎఫ్‌కు తోస్తారు కొందరు. ఆ అంకె సూదులకు ఎన్ని అండాలు వస్తాయో చెబుతుందే గాని, సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు.

మన జంట దగ్గరికి వద్దాం. ఆమెకు 29. కాలం ఇంకా చేతిలోనే ఉంది. అతను హైదరాబాద్ ఉప్పల్‌లో మేస్త్రీ కింద పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. కాబట్టి నాలుగేళ్లు కాగితం మీదే నాలుగేళ్లు. వీర్యకణం తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది గనుక సిగరెట్ అలవాటుంటే, ఈ రోజు మానేసినా ఫలితం మూడు నెలల తర్వాతే పరీక్షలో తెలుస్తుంది. అప్పుడు మళ్లీ చేయించాలి. అప్పటికీ నెల తప్పకపోతే మూడు ఐయూఐలు. ఆ తర్వాత ఐవీఎఫ్ వద్దా కావాలా, కావాలంటే ఎన్ని విడతల దాకా, ఎంత డబ్బు దాకా అన్నది మొదటి సూదికి ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. సగం దారిలో, ఒక విడత పోయాక, ఆ లెక్క వేసే స్థితిలో ఎవరూ ఉండరు.

అత్తగారికి జవాబు అతను చెప్పాడు. "ఇద్దరికీ టెస్టులైనయమ్మా. ఇద్దరిదీ మంచిగనే ఉంది. దాన్ని ఒక్కదాన్ని అడగకు." అత్తగారు కాసేపు ఊరుకుని, పొయ్యి మీద టీ పెట్టింది.

మూడు నెలల తర్వాతి లెక్క కవరు వెనక రాసుకున్నారు. నెలసరి వచ్చిన రెండో రోజు స్కానింగుకు పోవాలి. మాత్రలు ఆ రోజు నుంచే. పన్నెండో రోజు నుంచి అతను ఊళ్లో ఉండాలి. మేస్త్రీని సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.