మిక్సీ కంటే జోరుగా తిరిగే నక్షత్రం

జనవరి సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, "నాన్నా, ఇది కన్వర్జ్ అవ్వట్లేదు. కాస్త చూడవా?" అంది. నాలుగు నెలలుగా మా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. కంప్యూటర్ సైన్స్ వదిలి ఆస్ట్రోఫిజిక్స్‌కి మారతానని తను, ఉద్యోగం ఎవరిస్తారని నేను. అడిగింది కోడ్ గురించే కదా అని కుర్చీ లాక్కున్నాను.

తను చేస్తున్నది న్యూట్రాన్ నక్షత్రం లెక్క. సూర్యుడికి ఒకటిన్నర రెట్ల బరువున్నా అది మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఇమిడిపోతుంది. 2004లో గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్‌తో టెర్జాన్ 5 అనే తారల గుంపులో కనిపెట్టిన ఒకటి సెకనుకు 716 సార్లు తిరుగుతోంది. అంటే నిమిషానికి దాదాపు 43 వేల చుట్లు. మన మిక్సీ ఎంత గోల చేసినా ఇరవై వేలకి అటూఇటూ! వ్యాసార్ధం 12 కిలోమీటర్లు అనుకుంటే దాని నడుము సెకనుకు 50 వేల కిలోమీటర్లకు పైగా పరిగెడుతున్నట్టు.

ఆ వేగానికి నక్షత్రం నడుము దగ్గర ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న స్థలకాలాన్ని కూడా తనతో తిప్పుకుంటుంది. న్యూటన్ సూత్రాలు చాలవు, ఐన్‌స్టైన్ సమీకరణాలు కావాలి. వాటిని చేత్తో సాధించలేం. అందుకని ముందు ఒక ఊహ పెట్టి, దాన్నుంచి గురుత్వం లెక్కగట్టి, ఆ గురుత్వానికి తగ్గట్టు నక్షత్రం ఆకారం సరిచేసి, మళ్లీ మొదటికి. పులుసు రుచి చూస్తూ ఉప్పు సరిచేసినట్టే. ఈ పద్ధతిని 1989లో కొమాత్సు, ఎరిగుచి, హచిసు చూపించారు. దాని మీద స్టెర్గియౌలస్ 1990ల్లో సి భాషలో రాసిన ఆర్‌ఎన్‌ఎస్ ప్రోగ్రామే మా అమ్మాయి వాడుతోంది. నేను రాసిన కోడ్ మూడేళ్లు బతికితే గొప్ప!

అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నక్షత్రం గురుత్వం అనంతం దాకా పోతుంది, కంప్యూటర్‌లో గళ్లేమో లెక్కపెట్టినన్నే. కుక్, షపిరో, ట్యూకోల్‌స్కీ దూరాన్ని కొత్త కొలతలోకి మార్చారు: కేంద్రం 0, నక్షత్రం నడుము అంచు సరిగ్గా 0.5, అనంతం 1. అనంతం ఆఖరి గడిలో కూర్చుంది.

ఇదంతా ఎందుకంటే, అంత సాంద్రతలో పదార్థం ఎలా ఉంటుందో ఏ ల్యాబ్‌లోనూ చూడలేం. ఒక్కో సిద్ధాంతం ఒక్కో పీడనం పట్టిక ఇస్తుంది. ఏ పట్టికతో కట్టిన నక్షత్రమైనా 716 చుట్లకు ముందే నడుము దగ్గర చెదిరిపోతే ఆ పట్టిక చెల్లదు. తిరగడం వల్ల లాభం కూడా ఉంది. తిరగని నక్షత్రం కంటే దాదాపు 20 శాతం వరకు ఎక్కువ బరువు మోయగలదు.

మా అమ్మాయి లెక్క ఆ అంచు దగ్గరే రెండు జవాబుల మధ్య ఊగుతోంది. "పాతదాన్ని మొత్తం తీసెయ్యకు. సగం పాతది, సగం కొత్తది కలుపు" అన్నాను. కలిపింది. తేడా మెల్లగా తగ్గుతూ వచ్చి ఆగింది.

"నీకెలా తెలుసు?"

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో నేర్చుకున్నదే. ఆ పట్టా పెట్టెలో పెట్టి, ఆర్నెల్లు జావా నేర్చుకుని విమానమెక్కినవాణ్ణి. ఆ మాట దానికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను.

"మేజర్ మార్చే ఫారం శుక్రవారం లోపు ఇవ్వాలి నాన్నా" అంది.

ఫీజుల సంగతి అమ్మతో కూర్చుని చూద్దామన్నాను. ఈలోగా అది ఇంకో పట్టిక ఎక్కించి రన్ నొక్కేసింది.