చిప్ పెట్టించే ముందు గాలి లెక్క

చంద్రపూర్‌లో మే నెలలో 46, 47 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. ఆ ఎండలో గడ్‌చాందూర్ నుంచి సిమెంటు బస్తాలు, బల్లార్షా చుట్టుపక్కల బట్టీల నుంచి ఇటుకలు ఎత్తుకొచ్చే పికప్ డ్రైవర్లందరిదీ ఒకటే మాట: పొద్దున బాగా లాగిన బండి మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. ఈ జబ్బుకు ఇప్పుడు బజారులో మందులు చాలానే దొరుకుతున్నాయి. పెడల్ బాక్స్, ట్యూనింగ్ బాక్స్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్. జనం అన్నిటినీ కలిపి ‘చిప్ పెట్టించడం’ అంటారు. ఏది కొనాలన్నది తర్వాతి సంగతి. మధ్యాహ్నం బండి ఎందుకు లాగదో ముందు తెలియాలి.

కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. నిజానికి అంతకన్నా ఎక్కువే ఉండాలి. సిలిండర్‌లో చిమ్మిన డీజిల్ గాలితో కలవడానికి దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి, మిగులు గాలి లేకపోతే కొంత ఇంధనం సగం కాలి మసిగా మారుతుంది. సైలెన్సర్ నుంచి వచ్చే నల్లపొగ అదే. కనుక డీజిల్ ఇంజన్ బలానికి హద్దు డీజిల్ కాదు, గాలి. డీజిల్ ఎంతైనా పోయవచ్చు. దాన్ని కాల్చేంత గాలి లోపలికి వస్తోందా అన్నదే ప్రశ్న.

ఎండ దెబ్బ తగిలేది ఇక్కడే. సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. అదే గాలి 47 డిగ్రీలకు వేడెక్కితే పది శాతం పలచబడుతుంది. టర్బో ఉంది కదా, ఆ లోటు పూడుస్తుంది కదా అనవచ్చు. కొంతవరకు నిజమే. కానీ గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. టర్బోలోని కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకొని, గాలిని రెండింతల పీడనానికి నొక్కితే ఏమవుతుందో చూద్దాం. బయట 25 డిగ్రీలున్నప్పుడు టర్బో దాటేసరికి గాలి దాదాపు 118 డిగ్రీలకు చేరుతుంది. బయట 47 ఉంటే 147కు చేరుతుంది. తర్వాత ఇంటర్‌కూలర్ ఆ వేడిని తీసేస్తుంది గానీ, బయటి గాలి కన్నా చల్లగా ఎప్పుడూ చేయలేదు. పెరిగిన వేడిలో 70 శాతాన్ని అది తీసేసినా 25 డిగ్రీల్లో తిరిగే మొదటి బండిలోకి 53 డిగ్రీల గాలి, 47లో తిరిగే రెండో బండిలోకి 77 డిగ్రీల గాలి వెళ్తాయి. బూస్ట్ గేజీలో ముల్లు రెండు బండ్లలోనూ ఒకేచోట నిలుస్తుంది. సిలిండర్‌లోకి చేరిన ఆక్సిజన్ మాత్రం రెండో బండిలో ఏడు శాతం తక్కువ. పైగా అక్కడ మంట మొదలయ్యేదే ఎక్కువ వేడిలో గనక పొగగొట్టం వేడి కూడా అందుకు తగ్గట్టే పెరుగుతుంది.

బెంగళూరులోనో పుణెలోనో చల్లటి రోజున డైనో (బలం కొలిచే యంత్రం) మీద ‘ఇంత బలం పెరిగింది’ అని గీసిచ్చిన గ్రాఫు చంద్రపూర్ మధ్యాహ్నానికి పూచీ పడదు. ట్యూనింగ్ చేసే మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఈ మాట మారదు.

ఇక మందుల సంగతి. పెడల్ బాక్స్ అన్నిటికన్నా చవక. యాక్సిలరేటర్ పెడల్ దగ్గరి సంకేతాన్ని అది పెంచి పంపుతుంది. సగం నొక్కితే ముప్పావు నొక్కినట్టు ఇంజన్‌కు చెబుతుంది, అంతే. ఇంజన్ బలం ఒక్క పీఎస్ కూడా పెరగదు. బండి చురుకైనట్టు అనిపించడానికి డబ్బు పెట్టాలనుకుంటే అది మీ ఇష్టం, సరుకు బండికి మాత్రం దండగ.

ట్యూనింగ్ బాక్స్ దగ్గర కాస్త ఆగి చూడాలి. కామన్ రైల్ ఇంజన్‌లో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే లావు గొట్టం ఒకటి ఉంటుంది, దాన్నే రైలు అంటారు. దాని చివర ఒక సెన్సర్, సెన్సర్‌కు మూడు తీగల కనెక్టర్. లోపలి పీడనం పెరిగేకొద్దీ సెన్సర్ ఇచ్చే వోల్టేజీ సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల దాకా పెరుగుతుంది. బాక్స్‌ను బిగించేది ఆ కనెక్టర్ మధ్యలోనే. వచ్చిన వోల్టేజీని కాస్త తగ్గించి ఈసీయూకు చూపిస్తుంది. పీడనం చాలడం లేదనుకొని ఈసీయూ పంపును ఇంకా పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం మారకుండానే ఎక్కువ డీజిల్ పడుతుంది.

ఇందులో ఒక భౌతికశాస్త్ర నియమం దాగి ఉంది. చిన్న రంధ్రం గుండా పారే ద్రవం పీడనంతో సమానంగా పెరగదు, పీడనపు వర్గమూలంతో పెరుగుతుంది. పీడనం పది శాతం పెంచితే డీజిల్ పెరిగేది అయిదు శాతమే. డీజిల్ 20 శాతం పెరగాలంటే పీడనం 44 శాతం పెరగాలి. రైలులో మామూలుగా 1000 బార్ ఉన్న చోట దాన్ని 1440 చేయడం సాధ్యమే. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతూ 1600 బార్ దగ్గర ఉన్న ఇంజన్‌ను 2300కు తోయడం కుదరదు, రిలీఫ్ వాల్వ్ ముందే తెరుచుకుంటుంది. అంటే బలం నిజంగా కావలసిన చోటే బాక్స్ చేతులెత్తేస్తుంది. తక్కిన చోట్ల పంపు, ఇంజెక్టర్లు మాత్రం రోజంతా అదనపు భారం మోస్తాయి. అసలు పీడనమెంతో ఈసీయూకు తెలియకపోవడం నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపిస్తుంది. ఇంజన్‌ను కాపాడే లెక్కల్లో చాలా వరకు ఆ అంకె మీదే నడుస్తాయి.

రీమ్యాప్ అలా కాదు. ఈసీయూలోని పట్టికలనే మారుస్తారు: పెడల్‌కు ఎంత టార్క్, ఎంత గాలికి ఎంత డీజిల్ (పొగ హద్దు), ఏ వేడికి ఎంత కోత (వేడి కోత). పాత బండ్లలో స్క్రూ తిప్పి ‘పంపు పెంచడం’ తెలిసినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు, నేర్పు మాత్రం చాలా సూక్ష్మం. తెలిసినవాడి చేతిలో పొగ హద్దు, వేడి కోత అలాగే ఉంటాయి. తెలియనివాడు ముందు తీసేసేవి ఆ రెండే, ఎందుకంటే ట్రయల్ రన్‌లో బలం కొట్టొచ్చినట్టు కనబడేది వాటిని తీస్తేనే. చిన్న డీజిళ్లలో టర్బోలోకి వెళ్లే పొగ వేడికి సాధారణంగా 800 డిగ్రీల చుట్టుపక్కల హద్దు ఉంటుంది. 47 డిగ్రీల ఎండలో ఆ హద్దు చెరిపేస్తే ముందు టర్బో, ఆ తర్వాత పిస్టన్.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుంచి బండ్లు తయారుచేస్తున్న ఇసుజు కంపెనీ వీ-క్రాస్ పికప్ 1.9 లీటర్ల ఇంజన్‌తోనే 163 పీఎస్ ఇస్తుంది. బొలెరో పికప్ ఇంజన్ 2.5 లీటర్లదైనా 75 పీఎస్ దగ్గరే ఉంటుంది. ‘చూశారా, మీ ఇంజన్‌లో ఇంకా ఎంత బలం దాగుందో’ అని అమ్మేవాళ్లు చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఆ తేడా సాఫ్ట్‌వేర్‌ది కాదు. టర్బో, ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, పిస్టన్లు, రేడియేటర్ అన్నీ అంత గాలికి, అంత వేడికి సరిపడేలా తయారైనవి.

అసలు సరుకు బండికి ఎంత బలం కావాలి? బండి, సరుకు కలిపి 3200 కిలోలనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లకు చక్రాల దగ్గర 16 పీఎస్ చాలు. జివతి గుట్టల్లాంటి చోట నూటికి అయిదు ఎత్తున 40 వేగంతో ఎక్కడానికి 32 కావాలి. ఇంకో టన్నున్నర అదనంగా ఎక్కిస్తే అదే ఎక్కుడుకు 47 అవుతుంది. 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే బొలెరో ఇంజన్ 1500 ఆర్‌పీఎం దగ్గర 43 పీఎస్‌ను, 2200 దగ్గర 63ను ఇస్తుంది. ఓవర్‌లోడ్ బండి టాప్ గేర్ల దగ్గర ఆగిపోయి ఒక గేరు తగ్గిస్తే మళ్లీ లాగడం వెనకున్న లెక్క ఇదే. లోడు తగ్గించడం, గేరు ముందే మార్చడం, ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

బలం పెరుగుతుందని డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) కోయించి, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మూయించేవాళ్లూ ఉన్నారు. దీన్ని నేను ఏ మాత్రం సమర్థించను. అమెరికా పర్యావరణ సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లకు ఇలా చేశారు. వాటి పొగ రోడ్డు మీదకు అదనంగా 90 లక్షల పికప్‌లు వచ్చినంత చెరుపు చేస్తుందని అంచనా. చంద్రపూర్‌కు 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కాలుష్య ప్రాంతాల జాబితాలో ఈ ఊరు దేశంలోనే నాలుగోది. ఇక్కడి పిల్లలు పీల్చే గాలిలో ఇంకాస్త మసి కలపడానికి ఏ బండి యజమానికీ హక్కు లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇక్కడి గనుల బొగ్గు ధూళి, థర్మల్ కేంద్రం బూడిద ఎయిర్ ఫిల్టర్‌నూ మూసేస్తాయి. ఫిల్టర్ పూడుకుపోతే టర్బో ముందే గాలికి కరువు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు. ఘుగ్గూస్ బొగ్గు రోడ్ల మీద తిరిగే బండికి అంతకన్నా చాలా ముందే మార్చాలి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి దులిపితే కాగితం చిరిగి సన్నటి ధూళి నేరుగా లోపలికి పోతుంది, దాంతో టర్బో రెక్కలు, లైనర్లు అరుగుతాయి. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య పేరుకున్న నూనె మట్టి, టర్బో హోస్ క్లిప్పు దగ్గర సన్నటి లీకు, సరిగ్గా చిమ్మని ఇంజెక్టర్, తక్కువ గాలున్న టైర్లు కూడా చూసుకోవాలి. మధ్యాహ్నపు మొరాయింపులో చాలా భాగం ఇక్కడే తీరుతుంది.

ఇవన్నీ సరిచేశాకా బలం చాలకపోతే, వారంటీ దాటిన బండి అయితే, పొగ హద్దూ వేడి కోతా ముట్టుకోని తేలికపాటి రీమ్యాప్ ఒక్కటే ఆలోచించదగ్గది. అదీ వేసవిలో, నిండు లోడుతో, ఎక్కుడు రోడ్డు మీద నడిపించి చేయాలి. బూస్ట్, రైలు పీడనం, లోపలికెళ్లే గాలి వేడి, పొగగొట్టం వేడి నమోదైన లాగ్ ఇవ్వమని అడగండి. అసలు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాకే డబ్బు చేతిలో పెట్టండి.