కాపలా తుపాకికి తగిన తూటా

నల్లమల అంచున బుడ్డలు విత్తిన రైతుకు నిద్రపట్టని రాత్రులు ఏడాదికి రెండు విడతలు వస్తాయి. విత్తనం నేలలో పడిన వారం మొదటి విడత. కాయ ఊరే నెల రెండవది. కర్నూలు వైపు బుడ్డలనండి, కడప వైపు శెనక్కాయలనండి, అడవిపందికి రెండూ ఒకటే. చాలు వెంట మూతితో దున్నుకుంటూ పోయి, తెల్లవారేసరికి చేనిని తిరగదోడి వెళ్ళిపోతుంది. తిన్నదానికన్న పెళ్ళగించినది ఎక్కువ. లంకమల, పాలకొండలు, శేషాచలం, ఎర్రమల - ఏ కొండ కింది పల్లెలో అడిగినా ఈ గోడు వినిపిస్తుంది.

పూర్వం ఈ కాపలాకు మంచె, నెగడు, డప్పు, ఒడిసెల సాధనాలుగా ఉండేవి. ఒడిసెల పట్టిన కాపరి రాళ్ళను ఏరుకునే తీరు గమనింపదగినది. చేతికందిన ప్రతి రాయినీ అతడు తీసుకోడు. గుండ్రనివి, ఒకదానికొకటి ఈడైనవి వంకలో ఏరి తెచ్చి మంచె మీద కుప్పపోసుకుంటాడు. ఒక బరువుకు అలవాటుపడిన చెయ్యి, బరువు మారితే గురి తప్పుతుందని అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. తుపాకికి తూటాను ఎంచుకునే శాస్త్రంలో నుండి లెక్కలూ కొలతలూ తీసివేస్తే మిగిలేది ఈ రాళ్ళ ఏరివేతయే.

తుపాకి అనే మాట తుర్కీ నుండి పారసీకం మీదుగా మనకు వచ్చినదంటారు. పాలెగాండ్ల కాలంలో రాయలసీమ పల్లెకు అది అపూర్వ వస్తువేమీ కాదు. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతిలో పడినప్పుడు మన్రో తలపెట్టిన తొలి పనులలో పాలెగాండ్ల బలగాలను అణచివేయడం ఒకటి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో బయటపడిన ఫిరంగులనూ మందుగుండునూ చూచి కుంఫిణీ అధికారులు నివ్వెరపోయారు. నవాబరికం దానితోనే పోయింది. అంత మందుగుండూ ఆయనకు అక్కరకు రాలేదు, అది వేరే కథ. 1878 నాటి ఆయుధాల చట్టంతో తుపాకికి లైసెన్సు కట్టడి గట్టిపడింది. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1959లో చేసిన ఆయుధాల చట్టం మాత్రం రైతును కొంత గుర్తించింది. దాని 13వ సెక్షన్‌లో పంట రక్షణ అనే మాట స్పష్టంగా ఉన్నది. నిజంగా పంటను కాపాడుకోవడానికే అయితే, గొట్టం మూతి నుండి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవలె. అది చాలదని అధికారికి తోచినప్పుడు, ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టం గల మరొక నునుపు గొట్టపు తుపాకికి ఇవ్వవచ్చు. పంట రక్షణను గురించిన ఆ వాక్యంలో రైఫిల్ ప్రసక్తి లేదు. కనుక మన రైతు విషయంలో తూటా ప్రశ్న ముందుగా ఈ రెండు తుపాకుల దగ్గర పుడుతుంది.

మూతి నుండి దట్టించే తుపాకిలో అసలు తూటా అనేదే లేదు. మందు, దానిమీద అడ్డు, ఆపైన సీసపు గుళికలు, మళ్ళీ అడ్డు - వీటిని వరుసగా కూరి ఊచతో దట్టించేవాడు కాపలాదారే. అతని అరచెయ్యే కర్మాగారం. ఒకనాడు మందు కొంచెం ఎక్కువ, ఒకనాడు తక్కువ. ఒకనాడు దట్టింపు గట్టిది, మరొకనాడు మంచుకు చెమ్మగిల్లినది. ఏ రెండు దెబ్బలూ ఒక్క తీరున పడవు. మోతాదు మించితే గొట్టమే పగిలి వేళ్ళు తీసుకుపోతుంది. సీసం అందనప్పుడు ఇనుప తునకలు కూరడం కూడా కద్దు. అవి ఎటు పోతాయో కూరినవానికే తెలియదు. ఈ తుపాకికి గురి లేదని నిందించేవారు, ఆ లోపం గొట్టానిది ఎంత, అరచేతిది ఎంత అని విడదీసి చూడరు.

కర్మాగారపు తూటా పుట్టినది ఈ అనిశ్చయాన్ని తొలగించడానికే. పన్నెండు బోరు అనే పేరు ఎట్లా వచ్చిందో విద్యార్థులకు వినోదంగా ఉంటుంది. ఒక పౌను సీసాన్ని సమానమైన పన్నెండు గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి వెడల్పు అంత. ఇంచుమించు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. పౌనుకు పదహారు గుండ్లు పోస్తే ఒక్కొక్కటి చిన్నదవుతుంది గనుక పదహారు బోరు పన్నెండు బోరుకన్న సన్నం. సంఖ్య పెద్దదైతే తుపాకి పెద్దదనుకొని పొరబడేవారు తక్కువమంది కారు.

మన దేశంలో ఈ తూటాలకు చిరకాలంగా పుట్టినిల్లు పూనా దగ్గరి కిర్కీ మందుగుండు కర్మాగారం. 1869లో ఏర్పడిన ఆ కర్మాగారం 2021 నుండి మ్యునిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో భాగం. పూర్వం సీమ నుండి వచ్చే ఈలీ, కైనాక్ తూటాల పేర్లు పాత షికారు కథలలో నేటికీ మెరుస్తుంటాయి. 1980 దశకం మధ్య నుండి అటువంటి దిగుమతి సామాన్య లైసెన్సుదారునికి మూతపడింది. ఇక ఎంపిక అంతా స్వదేశపు పెట్టెల మధ్యనే.

పెట్టె మీద ఎల్.జి., ఎస్.జి., బి.బి., 4, 6 అని గుర్తులుంటాయి. ఇవి లోపలి గుళికల పరిమాణాన్ని తెలుపుతాయి. పాత ఆంగ్ల కొలత ప్రకారం ఒక ఔన్సు సీసానికి ఎల్.జి. గుళికలు 6, ఎస్.జి. 8, బి.బి. 70, నాలుగో నంబరువి 170 తూగుతాయి. చిక్కంతా ఇక్కడ ఉన్నది. ఎల్.జి. గుళిక ఒక్కటి ఆయువుపట్టున తగిలినా పంది పడిపోతుంది. కాని ఉన్నవి ఆరే గనుక, దూరం పెరిగేకొద్దీ అవి విడిపోయి, నడిమి సందులో నుండి పంది చెక్కుచెదరకుండా దాటిపోవచ్చు. నాలుగో నంబరు గుళికలలో కొన్ని తగలక మానవు. తగిలినా బలిసిన మగపంది తోలునూ కొవ్వునూ దాటి లోపలికి చొరవు. అది చావదు, పుండ్లతో పొదలో దూరుతుంది. మరునాడు ఆ పొదకు మేకలను తోలుకుపోయిన పిల్లవాడు దాని కోరలకు ఎదురవుతాడు. పక్షులకు తయారైన తూటాను పంది మీద ప్రయోగించడం పిసినారితనమే కాదు, క్రూరత్వం కూడా.

పోనీ ఎల్.జి. మంచిదా, ఎస్.జి. మంచిదా? దీనికి జవాబు పెట్టె మీద లేదు, అంగడివాని నోటనూ లేదు. తుపాకి గొట్టాలలో కొన్ని మూతి దగ్గర వెంట్రుకవాసి సన్నబడతాయి. దానిని చోక్ అంటారు. ఆ సన్నదనం గుళికల గుంపును కొంత దూరం వరకు చెదరనీయదు. నలభై గజాల దూరాన ముప్పై అంగుళాల వలయంలో నూటికి ఎన్ని గుళికలు పడినవో లెక్కించడం దీనికి ప్రమాణం. నిండు చోక్ ఉన్న గొట్టం నూటికి డెబ్బై పడవేస్తుందనీ, చోక్ లేనిది నలభై పడవేస్తుందనీ గ్రంథాలు చెబుతాయి. ఆ లెక్క చిన్న గుళికలకు సరిపోయినట్లు పెద్ద గుళికలకు సరిపోదు. చోక్ బిగువైన కొలదీ పెద్ద గుళికలు ఒకదానినొకటి ఒరుసుకొని వంకరపోవచ్చు. ఒకే కర్మాగారంలో ఒకే ఏడు తయారైన రెండు తుపాకులు ఒకే పెట్టెలోని తూటాను వేరువేరు విధాల వెదజల్లుతాయి. ఒక గొట్టానికి ఎస్.జి. నప్పుతుంది, దాని తోబుట్టువుకు నప్పదు.

కనుక ఉపాయం ఒక్కటే. పెద్ద కాగితం, వెనుక మట్టికట్ట. ఇరవై గజాల దగ్గర నుండి మొదలుపెట్టి, ఐదేసి గజాలు వెనుకకు నడుస్తూ, తుపాకిని కదలకుండా ఆనించి కాల్చి చూడవలె. పంది ఆయువుపట్టు చాటంత మేర అనుకుంటే, ఆ మేరలో కనీసం మూడు నాలుగు గుళికలు తప్పక పడే దూరమేదో అదే ఆ తుపాకికీ ఆ తూటాకూ కలిసి ఏర్పడిన హద్దు. ఒక్కసారి పడితే చాలదు. అదృష్టం కూడా ఒకసారి పడుతుంది. ప్రతి దూరంలోను మూడేసి కాగితాలైనా చిల్లులు పడితే గాని నమ్మరాదు.

ఈ పరీక్షను వ్యసనమంత శ్రద్ధగా సాగించినవారు అమెరికా రైతులూ వేటగాండ్లూ. పంటలనూ పచ్చికబయళ్ళనూ పాడుచేసే బొరియజీవులను, కోళ్ళనూ గొర్రెలనూ పట్టే నక్కజాతివాటిని అక్కడ 'వార్మింట్' అని వ్యవహరిస్తారు. ఇది 'వెర్మిన్' అనే పాత మాటకు పల్లె ఉచ్చారణ. రెండు మూడు వందల గజాల దూరాన ఉడుతకన్న కొంచెం పెద్ద జంతువును కొట్టవలసి ఉన్నందున వారికి రైఫిల్ కావలె, సన్నని వేగమైన తూటా కావలె. 1935లో వించెస్టర్ కంపెనీ విడుదల చేసిన 220 స్విఫ్ట్ తూటా సెకనుకు నాలుగు వేల అడుగులకు పైగా పరుగెత్తింది. కాని వేగమే గురి కాదని వారు త్వరలోనే గ్రహించారు. రైఫిల్ గొట్టంలోని మెలిక గాళ్ళు గుండును బొంగరంలా తిప్పి పంపుతాయి. ఆ మెలిక ఎంత బిగువో దానిని బట్టి ఒక పొడవు, ఒక బరువు గల గుండు నిలకడగా పోతుంది, మరొకటి తూలుతుంది. పేలినప్పుడు గొట్టం కూడా తీగవలె కంపిస్తుంది. అందువల్ల నాలుగైదు రకాల పెట్టెలు కొని, ఒక్కొక్క రకంలో ఐదేసి తూటాలు నూరు గజాల దూరాన కాల్చి, ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడినవో కొలుస్తారు. అంగుళం లోపల పడితే మేలు. ఖరీదైన పెట్టె ఓడి చౌకది గెలిచిన సందర్భాలు ఎన్నో. నప్పిన రకం దొరికిన తరువాత పెట్టె మీది తయారీ విడత సంఖ్యను రాసుకొని, ఆ విడతవే మరికొన్ని పెట్టెలు కొని దాచుకుంటారు. విడత మారితే మందు స్వభావం ఇసుమంత మారవచ్చు.

మన దేశంలో రైఫిల్ లైసెన్సు ఉన్న కొద్దిమందికి ఇంత వైభవం లేదు. 303 సైన్యపు తూటా గనుక ప్రైవేటు చేతులలో ఉండరాదని ఆంగ్ల ప్రభుత్వం కట్టడి చేయగా, దానికి బదులుగా 315 బోరు ప్రచారంలోకి వచ్చింది. కలకత్తా దగ్గరి ఈశాపూర్ కర్మాగారం నేటికీ దానిని తయారుచేస్తున్నది. తూటా రకాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. ఎంపిక లేదు గదా అని పరీక్ష మానుకోవడం పొరపాటు. రకాలు లేకపోయినా విడతలు ఉన్నవి.

రాయలసీమకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి చెప్పవలసి ఉన్నది. తుపాకిమందు వేడెక్కితే చురుకుగా మండుతుంది. ఒత్తిడీ వేగమూ పెరుగుతాయి. కర్నూలు, నంద్యాల, కడప ఎండలు వేసవిలో నలభై నాలుగు డిగ్రీలు దాటడం వింత కాదు. రేకుల కొట్టంలో ఉట్టికి వేలాడిన తూటా మే నెలలో ఒక తీరుగా, పుష్యమాసపు రాత్రి మరొక తీరుగా పనిచేస్తుంది. రైఫిల్‌లో ఈ భేదం కాగితం మీద పైకీ కిందికీ స్పష్టంగా కనబడుతుంది. మట్టిగోడల గదిలో, నేలకు కొంచెం ఎత్తున, తాళం వేసిన పెట్టెలో ఉంచడం చట్టానికీ తూటాకూ కూడా క్షేమం.

అయితే కాగితం మీద కాల్చే రైతు ఎక్కడ ఉన్నాడు? లైసెన్సు మీద ఒకసారి ఉంచుకోదగిన తూటాలెన్నో, ఏడాదికి కొనదగినవెన్నో రాసి ఉంటుంది. ఆ కొద్దిపాటి తూటాలలో పదింటిని కాగితానికి సమర్పించడం అతనికి దండుగగా తోస్తుంది. పరీక్ష అంతా చీకటిలో, ప్రాణమున్న పంది మీద, పక్క చేలో మరొక కాపరి పడుకొని ఉండగా జరుగుతుంది. ఎల్.జి. గుళిక గురి తప్పితే ఆరేడు వందల గజాలు పోగలదు. పక్క చేని మంచె అంత దూరంలో ఉండదు.

అసలు ఆ పందిని కొట్టడానికి అనుమతి ఉన్నదా అన్నది అన్నిటికన్న ముందటి ప్రశ్న. తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలిచిన పంటకు ముప్పు కలిగించే జంతువును కొట్టడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని కారణాలు చూపి వ్రాతమూలంగా ఆజ్ఞ ఇవ్వవలె. 2022లో సవరించిన చట్టం అడవిపందిని రెండవ షెడ్యూలులో చేర్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలుది. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసిన రోళ్ళపాడు చుట్టూ జింకల మందలు పెరిగి చేలమీద పడినప్పుడు రైతులు తుపాకి పేరెత్తే వీలు లేకపోయింది. ఆజ్ఞ కోసం కార్యాలయాల చుట్టూ తిరగలేనివారు కొందరు ఎరలో నాటుబాంబు పెడుతున్నారు, దొంగచాటున కరెంటు తీగ లాగుతున్నారు. ఆవు నోరు పగిలినా, తీగ తగిలి మనిషి పోయినా ఆ సాధనానికి గురి అనేది లేదు గదా! మంచి తూటాను గురించి ఇంత చర్చ చేయడానికి ఇది కూడా ఒక కారణం.

ఆజ్ఞ చేతిలో ఉండి, కాగితం పరీక్ష ముగించిన రైతుకు తన తుపాకి హద్దు ముప్పై గజాలని తేలిందనుకోండి. ముప్పై గజాల గుర్తుకు మంచె నుండి నాలుగు దిక్కులా సున్నం పూసిన రాళ్ళు పాతుకోవచ్చు. చీకట్లో పంది ఆ రాయికి ఇవతల అడుగుపెడితే తుపాకి. అవతలే నిలిచి మట్టి పెళ్ళగిస్తూ ఉంటే మటుకు తూటా పెట్టె మూసి, ఖాళీ డబ్బా అందుకొని వాయించవలసినదే.