సెలబ్రిటీ కనిపిస్తే క్లిక్.. సరే, కానీ ఏ ఫొటో వేయాలి? ఏది ఆపాలి? తిరుపతి నేర్పిన మూడు పాఠాలు

తిరుమల శ్రీవారి ఆలయం ముందు ఉదయం పూట ఓసారి నిలబడి చూడండి. వీఐపీ బ్రేక్ దర్శనం ముగిసే టైమ్‌కి కెమెరాలన్నీ రెడీగా ఉంటాయి. ఓ హీరో బయటకొస్తారు. వెనకాలే ఓ మంత్రి. తర్వాత ఓ క్రికెటర్, కుటుంబంతో సహా. నుదుట నామం, భుజాన శేషవస్త్రం, చేతిలో ప్రసాదం. కెమెరాల వైపు చూసి నవ్వుతూ నమస్కారం పెడతారు. ఆ ఫొటో మనందరం వందలసార్లు చూసిందే.

కానీ ఆ నమస్కారానికి అర నిమిషం ముందో, వెనకో ఇంకో ఫొటో పడుతుంది. కళ్లు తుడుచుకుంటున్నప్పుడు.. పక్కవాళ్ల మీద విసుక్కున్నప్పుడు.. తోసుకొచ్చిన అభిమానిని చూసి బెదిరినప్పుడు. అంటే వాళ్లు కెమెరాను పట్టించుకోని క్షణం. దీన్నే క్యాండిడ్ ఫొటో అంటారు. మన ఫోన్లలో ఎక్కువగా తిరిగేవి ఇవే.

చిక్కంతా ఇక్కడే. తీయడం వేరు, వేయడం వేరు. తీసేటప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు, బటన్ నొక్కడమే. వేసేటప్పుడు మాత్రం టైమ్ ఉంటుంది. ఆ కాస్త టైమ్‌లో ఫొటో జర్నలిస్ట్, డెస్క్ కలిసి ఏం నిర్ణయిస్తారన్నదే అసలు విషయం. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన తిరుపతి, తిరుమలలోనే మూడు సందర్భాలున్నాయి.

మొదటిది: అలిపిరి, 2003

2003 అక్టోబర్ 1. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించేందుకు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కొండకు బయల్దేరారు. అలిపిరి దగ్గర పీపుల్స్ వార్ నక్సలైట్లు ఆయన కాన్వాయ్‌పై క్లేమోర్ మైన్లు పేల్చారు. కారు నుజ్జయింది. బాబు గాయాలతో బయటపడ్డారు. ఆయనతో పాటు కారులో ఉన్నవాళ్లూ గాయపడ్డారు. రక్తపు మరకల చొక్కాతో ఉన్న ముఖ్యమంత్రి ఫొటోలు రాష్ట్రమంతా చూసింది.

ఆ ఫొటోలకు ఎవరూ పోజు ఇవ్వలేదు, ఎవరి పర్మిషనూ తీసుకోలేదు. అయినా వేయడం కరెక్టే. ఎందుకంటే ఆ గంటలో రాష్ట్రమంతా అడుగుతున్నది ఒకటే.. 'సీఎం బతికే ఉన్నారా?' అని. పుకార్లు ఊళ్లు దాటుతున్న టైమ్‌లో ఆయన ప్రాణాలతో ఉన్నారని చూపించే ఫొటో కంటే పెద్ద వార్త ఏముంటుంది? ముఖ్యమంత్రి ఆరోగ్యం, భద్రత ఆయన సొంత విషయాలు మాత్రమే కావు, ప్రజల విషయాలు కూడా.

అలాగని ప్రతి ఫ్రేమూ వేయాలని కాదు. గాయపడినా స్పృహలో ఉన్న నాయకుడి ఫొటో ఒకటి చాలు, కబురు చేరిపోతుంది. గాయాన్ని దగ్గరగా జూమ్ చేసి చూపిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు, భయం తప్ప.

రెండోది: మాడవీధుల్లో చెప్పులు, 2022

2022 జూన్ 9న మహాబలిపురంలో నయనతార, విఘ్నేశ్ శివన్‌ల పెళ్లయింది. మర్నాడే ఇద్దరూ తిరుమల వచ్చి శ్రీవారి కల్యాణోత్సవంలో పాల్గొన్నారు. తర్వాత ఆలయం ముందు ఫొటోషూట్. ఆ ఫొటోల్లో నయనతార కాళ్లకు చెప్పులున్నాయి. స్వామివారి వాహనాలు ఊరేగే మాడవీధుల్లో చెప్పులు వేసుకోవడం నిషిద్ధం. టీటీడీ విజిలెన్స్ అధికారులు అభ్యంతరం చెప్పారు. ఫొటోషూట్‌నూ తప్పుబట్టారు. విఘ్నేశ్ శివన్ క్షమాపణ చెబుతూ లేఖ విడుదల చేశారు. జనం ఎక్కువగా ఉండటంతో బయటకు వెళ్లి, ఫొటో కోసం హడావిడిగా మళ్లీ వచ్చామని, కాళ్లకు చెప్పులున్న సంగతి గమనించలేదని వివరణ ఇచ్చారు.

ఇది వేయాల్సిన ఫొటోనా? అవును. అది బహిరంగ ప్రదేశం, వాళ్లు ఫొటోల కోసమే అక్కడ నిలబడ్డారు, పైగా సామాన్య భక్తుడికి వర్తించే రూల్ దాటారు. కాబట్టి ప్రైవసీ అనే మాట ఇక్కడ నిలబడదు.

ఇక్కడ చేసుకోవాల్సిన నిర్ణయం వేరే. కాళ్ల దగ్గర ఎర్ర సున్నా చుట్టి, బాణం గుర్తు పెట్టి వదిలేస్తామా? లేక రూల్ ఏంటి, టీటీడీ ఏమంది, వాళ్లు ఏమన్నారు అన్నీ ఆ ఫొటోతోనే చెబుతామా? మొదటి పద్ధతిలో పాఠకుడికి మిగిలేది కోపం మాత్రమే, రెండో పద్ధతిలో విషయం కూడా తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఎర్ర సున్నాలు చుట్టే అలవాటు మా లాంటి వెబ్ డెస్కులదే. తప్పు చూపించిన సైజులోనే క్షమాపణనూ చూపించాలి. చాలాసార్లు అది జరగదు.

మూడోది: వీడ్కోలు క్షణం, 2023

2023 జూన్ 6న తిరుపతిలో 'ఆదిపురుష్' ప్రీ రిలీజ్ ఈవెంట్ జరిగింది. మర్నాడు హీరోయిన్ కృతి సనన్, దర్శకుడు ఓం రౌత్ శ్రీవారిని దర్శించుకున్నారు. ఆలయం బయట వీడ్కోలు చెబుతూ దర్శకుడు ఆమెను హత్తుకుని చెంపపై ముద్దు పెట్టారు. సెకన్ల క్లిప్ అది. దాని మీద పెద్ద దుమారమే రేగింది. పవిత్ర స్థలంలో ఇది తగదని కొందరు అర్చకులు, రాజకీయ నాయకులు మండిపడ్డారు. సినిమావాళ్లు ఒకరికొకరు మామూలుగా చెప్పుకునే వీడ్కోలే కదా అని ఇంకొందరు అన్నారు.

ఈ మూడోది మొదటి రెండింటి కంటే కష్టమైనది. ఎందుకంటే ఇక్కడ ఫొటో కంటే కత్తెరే ఎక్కువ మాట్లాడుతుంది. క్లిప్ మొత్తం చూస్తే అది వీడ్కోలు. ఒక్క ఫ్రేమ్ ఆపి స్టిల్ తీస్తే అది 'ముద్దు'. ఫ్రేమ్‌లో అబద్ధం లేదు. కానీ ముందూ వెనకా తీసేశాక మిగిలిన నిజం సగమే.

ఇంకో మాట. ఇలాంటి ఫొటోలు బయటకొచ్చినప్పుడు ముద్దు పెట్టింది ఎవరైనా, హత్తుకుంది ఎవరైనా, కామెంట్లలో తిట్లు పడేది ఎక్కువగా అమ్మాయికే. వివాదం వార్తే, దాన్ని రాయొచ్చు. కానీ థంబ్‌నెయిల్‌లో ఎవరి ముఖం పెడుతున్నాం, హెడింగ్‌లో ఎవరి పేరు ముందు పెడుతున్నాం అన్నది కూడా ఒక నిర్ణయమే.

చట్టం ఏమంటోంది?

బహిరంగ ప్రదేశంలో ఒకరి ఫొటో తీయడమే నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. అలాగని అంతా ఫ్రీ కాదు.

మన చిత్తూరు పక్కనే ఉన్న తమిళనాడులో మొదలైన ఓ కేసు ఇక్కడ చాలా ముఖ్యం. ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథను 'నక్కీరన్' పత్రిక అచ్చేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తన కుటుంబం, పెళ్లి, పిల్లలు లాంటి సొంత విషయాలను కాపాడుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని చెప్పింది. అదే తీర్పులో మినహాయింపులూ ఉన్నాయి. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాలు రాయొచ్చు. తనంతట తానే వివాదంలోకి దిగిన వ్యక్తి సంగతి వేరు. ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్లు తమ విధులకు సంబంధించిన విషయాల్లో ప్రైవసీ పేరు చెప్పి తప్పించుకోలేరు.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఇక చాటుగా మహిళల ప్రైవేటు క్షణాలను చిత్రీకరించినా, వాటిని పంచినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద జైలు శిక్ష పడుతుంది. హీరోయిన్ అయినా, మామూలు గృహిణి అయినా చట్టం ఒకటే.

ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా ఒక విషయం స్పష్టంగా చెబుతుంది. వ్యక్తిగత దుఃఖంలో ఉన్నవాళ్ల మీదకు కెమెరాతో చొరబడొద్దని.

గీత ఎక్కడ గీయాలి?

పిల్లలు: విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ తమ పాప ఫొటోలు వేయొద్దని ముందే కోరారు. అయినా 2022 జనవరి 23న కేప్‌టౌన్ వన్డేలో గ్యాలరీలో ఉన్న పాప ముఖం లైవ్‌లో కనిపించింది. కెమెరా తమ వైపు ఉందని తెలియదని, తమ అభ్యర్థన ఇప్పటికీ అదేనని తల్లిదండ్రులు మర్నాడు చెప్పారు. తండ్రి సెలబ్రిటీ అయితే బిడ్డ సెలబ్రిటీ అయిపోదు. కొండ మీద కూడా అంతే. హీరో పక్కన ఉన్న చిన్న పిల్లల ముఖాలు బ్లర్ చేస్తే ఫొటోకి వచ్చే నష్టమేమీ లేదు.

ఇల్లు: 2023 ఫిబ్రవరిలో నటి ఆలియా భట్ తన ఇంట్లో ఉండగా పక్క బిల్డింగ్ పైనుంచి ఫొటోలు తీశారు. అవి బయటకొచ్చాక ఇది గీత దాటడమేనని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో నిలదీశారు. లెన్స్ ఎంత దూరం లాగగలిగినా, గోడ లోపలిది గోడ లోపలిదే.

వెంటబడటం: 1997 ఆగస్టు 31న పారిస్‌లో ప్రిన్సెస్ డయానా కారు ప్రమాదానికి గురైనప్పుడు ఫొటోగ్రాఫర్లు ఆమెను వెంటాడుతున్నారు. కారు డ్రైవర్‌తో పాటు వెంబడించిన వాహనాల నిర్లక్ష్యం కూడా కారణమని 2008లో బ్రిటన్ జ్యూరీ తేల్చింది. ఏ ఫొటో అయినా ప్రాణం కంటే ఎక్కువ కాదు.

డెస్క్‌లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఇది ఆ వ్యక్తి పబ్లిక్ పనికి సంబంధించిందా? సభలో కునుకు తీసే ఎమ్మెల్యే ఫొటో వార్త. రాత్రి ప్రయాణంలో కారులో నిద్రపోయే ఎమ్మెల్యే ఫొటో వార్త కాదు.

2. ఎక్కడ తీశారు? రోడ్డు, సభ, ఆలయం ముందు ఒక లెక్క. ఇల్లు, ఆస్పత్రి గది, అంత్యక్రియలు ఇంకో లెక్క.

3. ఫ్రేమ్‌లో ఇంకెవరున్నారు? పిల్లలు, పక్కన నిలబడ్డ మామూలు భక్తులు.. వాళ్లు ప్రచారం కోరుకుని రాలేదు.

4. ఫొటో చెప్పేది నిజమేనా? పొడుగు లెన్స్‌తో దూరం నుంచి తీస్తే రెండు మూడడుగుల తేడాతో ఉన్నవాళ్లు కూడా ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తారు. రెప్ప వాలిన క్షణం పట్టుకుంటే ఎవరైనా తాగినట్టే ఉంటారు. అందుకే ముందూ వెనకా ఫ్రేములు చూడాలి.

5. వేస్తే ఎవరికి నష్టం? ఆపితే ఎవరికి లాభం?

ఈ ఐదోదాన్ని ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. ఫొటో ఆపిన ప్రతిసారీ అది మంచితనం కాదు. 'అన్నా, అది వేయొద్దన్నా' అని పెద్దమనిషి దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందని ఆపితే అది భయం. యాడ్ పోతుందని ఆపితే అది వ్యాపారం. బలవంతుడి తప్పు దాచి, బలహీనుడి కన్నీళ్లు అమ్ముకుంటే రెండు విధాలా తప్పే. అలిపిరి ఫొటో వేయడానికి ఏ ప్రశ్న అడిగామో, చెంపపై ముద్దు ఫొటోకీ అదే ప్రశ్న అడగాలి. ఇది తెలుసుకోవాల్సిన అవసరం జనానికి ఉందా? లేక చూడాలనే ఉబలాటం మాత్రమే ఉందా?

'నేను ఆపితే పక్కోడు వేస్తాడు' అనే మాట ఫీల్డ్‌లో తరచూ వినిపిస్తుంది. అది నిజమే. పోటీ ఉంది, పొద్దున లేస్తే వాట్సాప్ గ్రూపులో ముందెవరు పంపారన్న లెక్క ఉంది. అయినా మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్ట్ హోమాయ్ వ్యారావాలా గురించి ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. నోట్లో సిగరెట్‌తో ఉన్న నెహ్రూ మరొకరి సిగరెట్ వెలిగిస్తున్న క్షణాన్ని కూడా కెమెరాలో పట్టిన మనిషి ఆమె. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల ప్రవర్తన నచ్చక 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. ఆమె దగ్గరగా వెళ్లి తీశారు, కానీ మీద పడి తీయలేదు.

మరి మన ఫోన్ల సంగతి?

ఇప్పుడు మాడవీధుల్లో కెమెరా పట్టుకున్నది ఫొటో జర్నలిస్టులే కాదు. గోవింద నామం చెబుతూనే ఫోన్ పైకెత్తేవాళ్లు ఎందరో. మనం తీసిన వీడియో స్టేటస్‌లో పెట్టినా, గ్రూపులో ఫార్వర్డ్ చేసినా అది కూడా పబ్లిష్ చేయడమే. డెస్క్‌లో కనీసం అడగడానికి పక్కన ఇంకో మనిషి ఉంటాడు. ఫోన్‌లో ఎవరూ ఉండరు.

కాబట్టి ఈసారి కొండ మీద ఎవరైనా పెద్ద స్టార్ కనిపిస్తే ఫొటో తీసుకోండి, తప్పులేదు. పంపే ముందు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ ఫ్రేమ్‌లో ఉన్నది మన అక్కో, మన నాన్నో అయితే పంపేవాళ్లమా? జవాబు 'లేదు' అయితే.. దాన్ని గ్యాలరీలోనే ఉండనివ్వండి.