మెదకు సీమలో సోదరీ సమాజాలు

మెదకు అనగానే దూరప్రాంతాల వారికి రెండు కట్టడాలు జ్ఞప్తికి వస్తవి. ఒకటి గుట్టమీది కోట. రెండవది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే క్రైస్తవ మతాచార్యుడు కట్టించిన చర్చి. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొన్న ఆ మందిరపు గంటగోపురం ఎత్తు 175 అడుగులు. కరవుకాలంలో జనానికి పని చూపి అన్నం పెట్టిన కట్టడమని దానికి పేరు. చూడవచ్చినవారు తల పైకెత్తి చూచి, ఛాయాచిత్రం తీయించుకొని వెళ్ళిపోతారు.

తల దించి చూడవలసిన వస్తువు ఒకటి ఆ ఊళ్ళో వాడవాడకూ ఉన్నది. అది అట్టలు నలిగిన ఒక నోటుపుస్తకం. పదిమందో పన్నెండుమందో స్త్రీలు కలిసి నడుపుకొనే సంఘానికి అది తీర్మానాల పుస్తకం. తేదీ, వచ్చినవారి పేర్లు, రానివారి పేర్లు, కట్టిన పైకం, ఇచ్చిన అప్పు, చివర సంతకాలు, అక్కడక్కడ ఒక వేలిముద్ర: అందులోని విషయం ఇంతే. ఐనా తెలుగునాట సామాన్య స్త్రీ తన పేరును తన పేరుగా ఒక పుస్తకానికి ఎక్కించుకొన్న చరిత్ర వ్రాయదలచిన వారికి ఇంతకు మించిన ఆధారం దొరకడం కష్టం.

పాశ్చాత్యుల వాడుకలో 'లాడ్జి' అని ఒక మాట ఉన్నది. మనకు ఆ మాట వినగానే బస్టాండు ఎదుటి బసగదులు తోస్తవి గాని, అక్కడ అది సోదర సమాజపు శాఖకు పేరు. అటువంటి సమాజాలలో మేసన్లది ఎక్కువ ప్రఖ్యాతి గన్నది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి వారి నెలవుగా ప్రసిద్ధం. విశ్వసోదరత్వాన్ని గురించి ఉపన్యసించిన ఆ సమాజాలు సోదరికి మాత్రం చోటివ్వలేదు. అమెరికాలో 1850లో మొదలైన 'ఈస్టర్న్ స్టార్' ఆ లోటును కొంత పూడ్చినది. మేసన్ల భార్యలు, కుమార్తెలు, అక్కచెల్లెళ్ళు అందులో చేరి ధర్మకార్యాలు నడిపినారు. పెద్దవాకిలి మూసి పెట్టి, ప్రక్కవాకిలి తెరచినట్లయినది. మన స్త్రీల సమాజాలు పెద్దవాకిలి గుండా వచ్చినవా అంటే, అదీ లేదు. ఆ కథకు మెదకు సీమతో దగ్గర సంబంధం ఉన్నది.

1921 నవంబరులో హైదరాబాదు నగరంలో ఒక సంఘసంస్కార మహాసభ జరిగినది. అధ్యక్షులు ధోండో కేశవ కార్వే. భారతదేశంలో తొలి మహిళా విశ్వవిద్యాలయాన్ని 1916లో స్థాపించిన మహనీయుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేసినారు. ఆ అవమానం పట్టలేక తెలుగువారు కొందరు ఆ రాత్రే కూర్చుండి ఆంధ్రజనసంఘానికి నాంది పలికినారు. స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన మనిషి అధ్యక్షపీఠంలో ఉండగా తెలుగు భాషకు ఆ పరాభవం జరగడం విచిత్రమే. తరువాత కథ ఇంకా విచిత్రం. 1928లో మాడపాటి హనుమంతరావు తదితరులు నగరంలో తెలుగు బాలికల పాఠశాల పెట్టినప్పుడు, ఉర్దూ రాజ్యమేలుతున్న ఆ రోజులలో తెలుగు చదువుకు సర్కారు గుర్తింపు దొరకలేదు. ఆ పిల్లల పరీక్షలకు ఆశ్రయమిచ్చినది కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమే!

ఆంధ్రజనసంఘం పెరిగి పెద్దదై నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఐనది. ప్రథమ మహాసభ 1930 మార్చిలో జోగిపేటలో జరిగినది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి. జోగిపేట ఆనాడు మెదకు జిల్లాలోని ఊరు. 2016లో జిల్లాలను విభజించినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరినది. (మెదకు పేరుతో జిల్లా ఉన్నా కచేరీలన్నీ సంగారెడ్డిలోనే ఉండేవి. మెదకు పట్టణం తన జిల్లాకు తాను ముఖ్యపట్టణమైనది ఆ విభజనతోనే.) సభ జరుపుకోవలెనంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవలసిన కాలమది. అట్టి కాలంలో ఆ పురుషుల సభను ఆనుకొని స్త్రీలకు వేరుగా ఒక మహిళాసభ కూడా జరిగినది. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించినారు.

జోగిపేటకు రైలు లేదు. మెదకు పట్టణానికే రైలు 2022లో గాని రాలేదు. బండ్లలో ప్రయాణం చేసి, పరాయి ఊళ్ళో బసచేసి, నలుగురి ఎదుట కూర్చుండడానికి ఆనాటి గృహిణికి ఎంత ధైర్యం కావలసి ఉండెనో నేటి విద్యార్థినులకు ఊహకందదు. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం సరిగా మరుసటి నెల, 1930 ఏప్రిల్ 1న, అమలులోనికి రావలసి ఉన్నది. ఆడపిల్లకు పదునాలుగేండ్లు, మగపిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండవలెనని ఆ శాసనం. నిజాం రాజ్యానికి అది వర్తించదు. ఎల్లకు అవతల నేరమైనది, ఇవతల ఆచారం. చట్టం లేనిచోట సభయే చట్టం చేయవలసిన పని చేయాలి. స్త్రీలు వచ్చి తమ నోట తాము చెప్పుకోవాలి. అందువల్ల ఆ సభ ఉత్సవమాత్రం కాదు.

ఆ తరువాత మహాసభ ఎక్కడ జరిగితే అక్కడ మహిళాసభ జరిగినది. ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, షాద్‌నగరులో బూర్గుల అనంతలక్ష్మీదేవి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి, చిలుకూరులో రంగమ్మ ఓబుల్‌రెడ్డి అధ్యక్షులు. ఈ పేర్లను పరికించినప్పుడు ఒక సంగతి తెలియకపోదు. వీరిలో పలువురు మహాసభ నాయకుల ఇండ్లలోని స్త్రీలే. మేసన్ల ఇల్లాండ్రకు తెరచిన ప్రక్కవాకిలి వంటిదే ఇదీ. కాని లోనికి వచ్చినవారు అక్కడనే ఆగలేదు. 1935లో నగరంలో ఆంధ్ర యువతీమండలి వెలసినది. అది సంవత్సరానికొకమారు కూడి విడిపోయే సభ కాదు. సభ్యత్వమూ, చందా, కార్యవర్గమూ గల నిత్యసంస్థ. సభాపర్వం ముగిసి సంఘజీవితం ఆరంభమైనదన్నమాట.

ఆ మండలిలో పనిచేసినవారిలో సంగెం లక్ష్మీబాయమ్మ కథ మెదకువారు మరువరానిది. 1911లో ఘట్‌కేసరులో జన్మించి, స్వాతంత్ర్య సమరంలో కారాగారానికి వెళ్ళి, అనాథ బాలికలకోసం ఇందిరా సేవాసదనాన్ని నడిపినారామె. రాష్ట్రంలో ఉపమంత్రిగా పనిచేసినారు. 1957లోను, 1962లోను వికారాబాదు నుండి, 1967లో మెదకు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. మెదకు ఓటరులు 1980లో ఇందిరాగాంధీని ఎన్నుకొన్న సంగతి లోకమంతటికీ తెలుసును. రాయబరేలీలో కూడ గెలిచి మెదకునే ఆమె ఉంచుకొన్నారు. అంతకు పదమూడేండ్ల ముందే ఒక సేవాసదనం నడుపుకొనే స్త్రీని ఈ సీమ ఢిల్లీకి పంపినదని మాత్రం తక్కువమందికి తెలుసును. సంఘపు పుస్తకం వ్రాసిన చేయి శాసనసభలకు వెళ్ళడానికి ఏండ్లు పట్టినది.

చర్చి నీడన మరొక పాయ ఉన్నది. పల్లెలకు కాలినడకన వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పిన బైబిలు స్త్రీల నాటినుండి వచ్చినది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత 'స్త్రీల మైత్రి' పేరుతో అది నడుస్తున్నది. రోగులను చూడబోవడం, పేదపిల్లల చదువుకు చందాలెత్తడం ఆ సభ్యురాండ్ర పని. చర్చితో పనిలేని పాయ ఇంకొకటి, అన్నిటికంటె పాతది, ఏటేటా బతుకమ్మనాడు కనబడుతుంది. తంగేడు, గునుగు పూలు పేర్చి గుండ్రంగా తిరిగే ఆ స్త్రీల కూటమికి చందా లేదు, పుస్తకం లేదు. ఎవరింట ఏమైనదో, ఎవరి కూతురు పురిటికి వచ్చినదో, ఎవరు ఈ ఏడు ఆటకు రాలేదో అంతా అక్కడనే తెలుస్తుంది.

నేటి పొదుపు సంఘాలకు పుట్టినిల్లు వెదకితే మాత్రం నెల్లూరు జిల్లాకు వెళ్ళవలసి వస్తుంది. ఉపాధ్యాయులు గర్వించదగిన కథ ఇది. 1990 తరువాత ఆ జిల్లాలో వయోజనులకు అక్షరాలు నేర్పే ఉద్యమం సాగినది. రాత్రిబడి వాచకంలో సారాయివల్ల చెడిన కాపురం గురించి ఒక పాఠం ఉన్నది. దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి, అది తమ కథయేనని గ్రహించి, ఊళ్ళో సారాయి దుకాణం మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా అంటుకొన్నది. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధం వచ్చినది. మిగిలిన డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నకు నెల్లూరు స్త్రీలు చూపిన దారి, రోజుకొక రూపాయి పొదుపు. ఒక వాచకంలోని ఒక పాఠం ఇంత పని చేసిన ఉదాహరణలు ఏ దేశచరిత్రలోనైనా అరుదు. గ్రామాలలో 'డ్వాక్రా' పేరుతో 1980లనాడే ఉన్న సంఘాలకు ఈ పొదుపు ప్రాణం పోసినది. పట్టణాలకోసం 2007లో 'మెప్మా' అనే సంస్థ ఏర్పడినది. మెదకు పట్టణంలోని సంఘాలు దీని క్రిందివే. సంఘాలు కలిసి వాడ సమాఖ్య, వాడలు కలిసి పట్టణ సమాఖ్య.

సంఘపు కూటమి చూడవలసినదే. ఒక ఇంటి అరుగుమీదనో, గుడి ముందరనో చాప పరుస్తారు. గుండ్రంగా కూర్చుంటారు; ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనుక కాదు. "అక్కా", "వదినె", "చిన్నమ్మా" అనే పిలుపులే. లెక్కలు చూడవచ్చిన ఆర్.పి. మాత్రం, వాడకట్టు పిల్లయే ఐనా, ఆ గంటసేపు "మేడం". బీడీలు చుట్టేవారు, కుట్టుమిషను పెట్టుకొన్నవారు, కూరగాయలమ్మేవారు, ఇండ్లలో పనిచేసేవారు ఆ వలయంలో ఉంటారు. మొదట పొదుపు. తరువాత పాత అప్పుల వాయిదాలు. ఆపైన కొత్త అప్పు ఎవరికన్నది. పిల్ల ఫీజు ముందా, ఆసుపత్రి ఖర్చు ముందా, గేదె ముందా? ఏ న్యాయస్థానంలోను ఇంతకంటె కష్టమైన తీర్పు ఉండదు. అడిగినవారందరు ఎదుటనే ఉన్నారు, రేపు ఉదయం నల్లావద్ద మళ్ళీ కలుసుకోవాలి. తీర్పు పుస్తకంలో ఒక పంక్తి అవుతుంది. ఆ పంక్తి వెనుక జరిగిన వాదం, కన్నీరు, అలక పుస్తకానికి ఎక్కవు.

ఈ సోదరీత్వానికి ఒక కఠినమైన ముఖమూ ఉన్నది. దానిని దాచడం భావ్యం కాదు. బ్యాంకు అప్పు సంఘం మొత్తానికి ఇస్తుంది. ఒకరు కట్టకపోతే తక్కినవారు కట్టాలి. ఆపదలో ఆదుకొనే చేయే, వాయిదా తప్పిననాడు తలుపు తట్టే చేయి అవుతుంది. ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు ఈ కిటుకును పసికట్టినవి. సంఘం అనే మాటను, గుంపు పూచీని అరువు తెచ్చుకొని, పొదుపును వదలిపెట్టి, వారం వారం వసూలు మాత్రం మిగుల్చుకొన్నవి. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు అప్పులు. ఒకటి తీర్చడానికి మరొకటి. ఆత్మహత్యల వార్తలు పత్రికలకెక్కిన తరువాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసినది. పొదుపు లేని పూచీ ఎంతటి ఉరియో ఆ సంవత్సరం తెలిసినది. రెంటికీ బయటి రూపం ఒక్కటే గదా అనుకొనేవారు సంఘపు పుస్తకం తెరచి చూడాలి. అప్పు ఇవ్వాలా వద్దా అని సభ్యురాండ్రు వాదించుకొన్న చోటు ఒక దానిలో ఉంటుంది, రెండవదానిలో ఉండదు.

సేవ మాటకు వస్తే, 2020లో కరోనా వచ్చినప్పుడు తెలంగాణమంతటా సంఘాల స్త్రీలు గుడ్డ మాస్కులు కుట్టినారు. బడిపిల్లల యూనిఫారాల కుట్టుపని కూడ వారికి వచ్చినది. 2024లో ప్రభుత్వం బడులకు 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలను నియమించినది. సమాఖ్య అధ్యక్షురాలు కమిటీకి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వారి బాధ్యత. ఐదవ తరగతితో బడి మానిన స్త్రీ, తాను మానిన బడికి అధ్యక్షురాలై, ప్రధానోపాధ్యాయుని ఎదుట కుర్చీలో కూర్చుండవలసి వచ్చినది. కొన్నిచోట్ల ఆ కుర్చీ చూపించి సంతకం మాత్రం అడిగే అలవాటు పోలేదు. కాని నీళ్ళు రాని గది ఏదో, ఆడపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి ఎందుకు వస్తున్నారో ఆమెకు తెలిసినంతగా కాగితాలకు తెలియదు. అడిగే ఉపాధ్యాయుడు ఉన్నచోట ఆమె చెబుతుంది.

తీర్మానాల పుస్తకం వ్రాయడం సంఘానికి ఎప్పుడూ ఒక చిక్కే. సంతకం నేర్చినవారందరు నాలుగు పంక్తులు వ్రాయలేరు. అందువల్ల చాలా సంఘాలలో ఆ పని ఎవరో ఒక సభ్యురాలి కూతురి మీద పడుతుంది. ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్ల, బడినుండి వచ్చి సంచీ పక్కన పెట్టి, తల్లులు చెప్పగా వ్రాస్తుంది. వాదం సాగినంతసేపు కలం పట్టుకొని వింటుంది. తేలినది మాత్రం వ్రాస్తుంది. తరువాత పుస్తకం చేతులు మారుతుంది, ఒక్కొక్కరు తమ పేరుకు ఎదురుగా సంతకం పెడతారు. వ్రాసిన పిల్ల పేరు అందులో ఉండదు. ఆమె ఇంకా సభ్యురాలు కాదు.