పింగాణీ పంటికి బలమెక్కడిది?

గత సంవత్సరము మా సహాధ్యాపకులలో ఒకరి దవడపంటికి తొడిగిన పింగాణీ తొడుగు పట్టుమని ఆరు నెలలైనను నిలువక, భోజన సమయమున రెండు ముక్కలైనది. “పింగాణీ నాసిరకము” అని మేమందరమును తీర్పు చెప్పితిమి. పిదప దంతవైద్య గ్రంథములు తిరుగవేసి చూడగా మా తీర్పు తొందరపాటని తెలిసినది. తొడుగు బలము తొడుగులోనే లేదు. దానిని పంటికి అంటించు సిమెంటులోను కలదు.

పింగాణీకి నొక్కుడును ఓర్చు శక్తి మెండు. సాగదీతను ఓర్చు శక్తి స్వల్పము. దాని ఉపరితలమున కంటికి కానరాని బీటలుండును. సాగదీసినపుడు ఒత్తిడి అంతయు బీట కొన వద్ద చేరి దానిని పెంచును. గాజు విషయమున ఈ రహస్యమును 1921లో గ్రిఫిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విశదపరచెను. బల్లపై సమముగా ఆనిన గాజు పలకపై చేయి మోపినచో ఏమియు కాదు. క్రింద సందున్నచో అదే పలక పగులును. పంటి తొడుగు గతియు ఇట్టిదే. నమలునపుడు దాని లోపలి వైపు సాగును. కనుక పగులు తరచుగా సిమెంటు తగులు వైపునుండియే బయలుదేరును.

పూర్వమునుండి వాడుకలోనున్న జింకు ఫాస్ఫేటు సిమెంటు సందును నింపును గాని పింగాణీతో రసాయనిక బంధము నేర్పరచుకొనదు. 1955లో అమెరికాలో బ్యునోకోర్, ఫాస్ఫారిక్ ఆమ్లముతో పంటి ఎనామెల్‌ను గరుకు చేసినచో రెజిన్ దానికి గట్టిగా అంటునని చూపెను. 1980ల ఆరంభమున ఇట్టి ఉపాయమే పింగాణీకి వర్తించినది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పింగాణీలోని గాజు భాగమును కొంత కరగించి సూక్ష్మరంధ్రములు చేయును. తరువాత పూయు సైలేన్ అను ద్రవము ఇటు పింగాణీతోను, అటు రెజిన్ సిమెంటుతోను కలియును. రెజిన్ బీటలలోనికి చొచ్చి గట్టిపడి అవి పెరుగకుండ అడ్డుపడును. తొడుగును పన్నును ఒకే వస్తువువలె భారమును పంచుకొనును.

ఈ మేలు బలహీనమైన పింగాణీలకే ఎక్కువ. ఫెల్డ్‌స్పార్ పింగాణీ వంపుబలము సుమారు 60 నుండి 100 మెగాపాస్కల్‌లు; జిర్కోనియాది దాదాపు 900, అంతకు మించియు ఉండును. జిర్కోనియాలో కరగింపదగిన గాజు భాగము లేనందున ఈ ఆమ్లము దానిపై పనిచేయదు. దానికి అల్యూమినా రేణువుల తాకిడియు, ఫాస్ఫేటు గల ప్రత్యేక రెజినును కావలెను.

అతి ఎచ్చటను పనికిరాదు. లిథియం డైసిలికేటు అను పింగాణీకి 5 శాతము ఆమ్లము 20 సెకనులు చాలును. మితిమీరి ఉంచినచో బలమిచ్చు ఆమ్లమే బలమును హరించును. అంటించువేళ ఉమ్మి తడి తగిలినను, సిమెంటు పొర మందమైనను పట్టు సడలును.

ఇందు వలన కలుగు లాభము చిన్నది కాదు. మంచి బంధమున్నచో ముందు పండ్లపై అర మిల్లీమీటరు మందపు పింగాణీ పొరయు నిలుచును. కావున సహజమైన పంటిని ఎక్కువగా అరుగదీయ నవసరము లేదు. ఒకసారి అరుగదీసిన పన్ను తిరిగి పెరుగదు గదా!

మా మిత్రుని తొడుగు ఏల పగిలెనో ఇప్పుడు తేల్చుట సాధ్యము కాదు. కాని రెండవ తొడుగు వేయించుకొన వెళ్ళినపుడు, ఖరీదెంత అని అడుగుటకు ముందు, దేనితో ఎట్లు అంటింతురని ఆయన అడిగిరి. విద్యార్థులును ఆ ప్రశ్నను గుర్తుంచుకొందురుగాక!